జలుబు చేసిన కోడలు

తొంభైల మధ్యలో నేను బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసేవాణ్ణి. పొద్దంతా రియాక్టర్ల దగ్గర నిలబడి, సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి ఒంటి నుంచి కుళ్ళిన గుడ్ల వాసన వచ్చేది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, సంగారెడ్డిలో మూఢనమ్మకాల్ని నిర్మూలించడానికి బయలుదేరేవాణ్ణి. అంటే, మేం కొందరం కలిసి వీధినాటకాలు ఆడేవాళ్ళం. నేను రాసేవాణ్ణి, అవసరమైతే వేషం కూడా కట్టేవాణ్ణి.

నా హేతువాదం ఎంత గట్టిదో చెప్పాలంటే, ఊళ్ళో మా నాయన పోచమ్మకు మేకను కోసినప్పుడల్లా అది అనాగరికమని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. తలకాయ కూర వడ్డించే వేళకు మాత్రం అందరికన్నా ముందు పీట వేసుకునేవాణ్ణి. మా ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఉంటే ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె దేవుడికి పెట్టిన పులిహోర గిన్నె ఖాళీ చేసేదీ నేనే.

"దేవుడు లేడంటవ్, దేవుని తిండి మాత్రం ఇడువవ్" అనేది ఆమె.

మా బృందానికి నాయకుడు ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్. గుబురు గడ్డం, భుజానికి సంచి. ఆ గడ్డం చూసి కొందరు ఆటోవాళ్ళు "సలామలేకుం" అనేవారు, కొందరు "స్వామీ, ఎక్కుండ్రి" అనేవారు. ఆయన రెంటికీ తలూపి ఎక్కేసేవాడు.

ఆ ఏడాది నేను రాసిన నాటకం పేరు 'స్వర్గానికి షేర్ ఆటో'. ఒక స్వామీజీ, ఒక మౌల్వీ, ఒక పాస్టర్ తలా ఒక ఆటో పెట్టుకొని "స్వర్గం, స్వర్గం, ఒక్క సీటే, ఒక్క సీటే" అని అరుస్తూ జనాన్ని ఎక్కించుకుంటుంటారు. ముగ్గురి ఆటోల్లోనూ పెట్రోలు ఉండదు. ఎక్కినవాళ్ళే దిగి, పోలీసాయన తిట్లు తింటూ, నెట్టాలి. మౌల్వీ ఆటోలో ఒక బురఖా మనిషి ఎక్కుతుంది. సీట్లన్నీ మగవాళ్ళు ఆక్రమించారు కాబట్టి ఆమెను వెనక సామాన్ల దగ్గర కుదేస్తారు. చివర్లో ఆమె లేచి, బురఖా విప్పి, గిరగిరా తిప్పి జనం మీదికి విసిరేస్తుంది. డప్పు మోగుతుంది. అందరం కలిసి పాట పాడతాం. దాంతో మూడు మతాలూ మూటాముల్లే సర్దుకొని సంగారెడ్డి వదిలి వెళ్ళిపోతాయని నా నమ్మకం.

స్వామీజీ వేషానికి పోటీ పడ్డారు. మౌల్వీ వేషం మా నాయకుడికి గడ్డం ఉంది కాబట్టి ఆయనకే పోయింది. బురఖా వేషానికి ఎవరూ లేరు. మా బృందంలో ఆడవాళ్ళే లేరు. స్త్రీ విముక్తి మీద మాకు ఎన్ని పాటలున్నా, ఆ పాటలు పాడేవాళ్ళం అందరం మీసాలవాళ్ళమే. చివరికి రాసినవాడివి నువ్వే వెయ్యి అన్నారు.

"విప్పినంక నా మీసాలు కనవడ్తయ్ గద" అన్నాను.

"లోపల ఎవరున్నరనేది ముఖ్యం కాదు. అది ప్రతీక" అన్నాడు మా నాయకుడు.

ప్రతీక అనే మాట వింటే నేను దేనికైనా ఒప్పుకునే రోజులవి.

బురఖా కోసం దూరం వెళ్ళనక్కర లేదు. మేం కిరాయికి ఉన్నది ఒక ముస్లిం కుటుంబం ఇంట్లోనే. ఇంటాయన సౌదీలో డ్రైవరు. ఇక్కడ ఆయన తల్లి, భార్య, డిగ్రీ చదివే కూతురు ఉండేవాళ్ళు. వాళ్ళ గదులూ మా గదులూ ఒకే వాకిట్లోకి తెరుచుకునేవి. మధ్యలో చేతిపంపు, పక్కన బట్టలు ఉతికే బండ, ఒక జామచెట్టు. వాళ్ళలో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. ముసలమ్మను ఆ పిల్ల పిలిచినట్టే మేమూ దాదీ అనేవాళ్ళం. దాదీ సదాశివపేట అవతలి పల్లెలో పుట్టిపెరిగిన మనిషి. చెరుకు తోటల్లో కూలికి పోయినామె. చీర కట్టి, కొంగు తలమీదికి లాక్కునేది తప్ప జన్మలో బురఖా తొడగలేదు. కొడుకు సౌదీ నుంచి భార్యకు రెండు, బిడ్డకు రెండు నిగనిగలాడే నల్ల బురఖాలు తెచ్చినప్పుడు ఆమె మా ఆవిడతో అన్నమాట వాకిలంతా వినబడింది.

"బంగారం తెస్తడనుకుంటె చీకటి మూట గట్టుకొచ్చిండు, సూడు బిడ్డా."

ఒక బురఖా అడిగి పెట్టమని మా ఆవిడను బతిమాలాను. ఆమె కూర తిప్పే గరిటె పట్టుకొనే ఇటు తిరిగింది.

"ఏమని అడగాలె? అక్కా, నీ బురఖాను నలుగుట్ల ఇసిరి పారేసెటందుకు మా ఆయనకు జెర నీ బురఖా ఇయ్యి అనాల్నా? నాతోని కాదు. నువ్వే అడుక్కో."

నేనే వెళ్ళాను. దాదీ అరుగు మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తోంది. సంగతి విప్పి చెప్పాను. మతంలోని మూఢత్వం, స్త్రీ చైతన్యం అంటూ మొదలుపెట్టి, ఆటోలో పెట్రోలు లేకపోవడం దాకా వచ్చాను. దాదీ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. కోడలు, అంటే మా ఇంటామె, చెంబుతో నీళ్ళు తెచ్చి, వీపు నిమురుతూ నావైపు అనుమానంగా చూసింది.

"ఇస్త గని కొడుకా, ముందుగాల మాకు ఆడి సూపియ్యి. మా బట్టతోని ఏం జేస్తున్నవో మాకు ఎర్క గావొద్దా?" అంది దాదీ.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లోనే ప్రదర్శన పెట్టాం. ప్రేక్షకులు నలుగురు. దాదీ, ఇంటామె, ఆమె కూతురు, మా ఆవిడ. అన్ని పాత్రలూ నేనే చెప్పాను. స్వామీజీకి ఒక గొంతు, పాస్టరుకు ఒక గొంతు, మౌల్వీకి గడ్డం నిమురుకోవడం. స్వామీజీ వచ్చినప్పుడు మా ఆవిడ కూడా నవ్వింది. మౌల్వీ వచ్చినప్పుడు దాదీ తొడ చరిచి, "అచ్చం మా ఊరి మౌల్వీ సాబే, దావత్ అంటె గంత జల్దీ ఉరుకుతుండె" అంది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. లోపలికి వెళ్ళి బురఖా తొడుక్కొని వచ్చాను.

అది ఇంటామె కొలతకు కుట్టింది. నాకు మోకాలు దాటి జానెడు మాత్రమే వచ్చింది. ముఖం మీది గుడ్డ కిందికి వేసుకోగానే వాకిలి సగం మాయమైంది. ఎంతో హుందాగా నాలుగడుగులు వేసి, బట్టలుతికే బండకు కాలు తగిలి చేతిపంపును కౌగిలించుకున్నాను.

"అంకుల్, మేం గట్ల నడువం" అంది ఇంటామె కూతురు. "మీరు భుజం మీద బస్తా మోస్తున్నట్టు నడుస్తున్నరు."

ఆ అమ్మాయి నడక నేర్పింది. చిన్న అడుగులు, చూపు కిందికి, చేతులు దగ్గరికి. నేర్పుతూనే అడిగింది.

"ఈమె డైలాగులు ఎప్పుడొస్తయ్?"

"ఈమెకు మాటలు లేవమ్మా. మౌనమే ఆమె మాట. ఆఖర్న బురఖా విసిరేస్తది."

"ముగ్గురు ఆటోవాళ్ళకు మాటలున్నయ్. ఎక్కినోళ్ళందరికి ఉన్నయ్. పోలీసాయనకు గుడ ఉన్నయ్. నాకే లేవా?"

'నాకే' అంది, 'ఆమెకే' అనలేదు. నేను ముసుగులోనే నోరు తెరిచాను గానీ నాకంటే ముందు దాదీ అందుకుంది.

"మాటల సంగతి తర్వాత. బురఖా తీసినంక ఈయన మీసాలు కనవడ్తయ్ గద! బురఖా తీస్తె ఆడదానికి మీసాలు మొలుస్తయని మా సాబ్ చెప్పేది నిజమే అనుకుంటరు జనం."

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటామె మాత్రం నవ్వలేదు.

"ఇసిరేస్తె మట్టి అంటుతది తమ్మీ. గా బట్టకు మట్టి అంటితె ఉతుకుడు మస్తు కష్టం. అయినా నాది నువ్వు ఇసిరేస్తుంటె నన్నే ఇసిరేసినట్టు ఉంటది నాకు."

"ఇది నీ మీద కాదక్కా, వ్యవస్థ మీద" అన్నాను.

"ఏమో తమ్మీ. నాకైతె బురఖా అల్కగ ఉంటది. నైటీ మీద ఏసుకొని కూరగాయలకు పోత. లోపల ఏమున్నదో ఎవలకెర్క? మీ ఆమె అట్ల పోగలుగుతదా?"

మా ఆవిడ నిట్టూర్చింది. "ఏడ పోతనక్కా. బజార్ల వీళ్ళ తరఫు చుట్టాలే అడుగడుగున ఉన్నరు. మొన్న తలమీద కొంగు లేకుంట పోయిన్నని మా అత్తదాకా పోయింది ముచ్చట. వాళ్ళ పెదనాయిన ఎదురుంగ వస్తె గోడకు ఒత్తుకొని నిలబడాలె."

"మీ దాంట్ల గుడ ఉన్నదా?" అంది దాదీ సంతోషంగా. "మరి దాని మీద నాటకం రాసినవా కొడుకా?"

రాయలేదు. మా అమ్మ తాతయ్య ఎదురుగా ఎప్పుడూ ముఖం పైకెత్తేది కాదు. ఆమె కొంగు నాకు సంప్రదాయంలా కనిపించేది, ఇంటామె బురఖా సమస్యలా కనిపించేది. అయితే ఆ మాట చెప్పే అవకాశం రాలేదు. ఎందుకంటే అమ్మాయి నానమ్మ మీదికి తిరిగింది.

"దాదీ, నువ్వు నవ్వకు. నేను ఏసుకుంటున్న అంటె ఎవరో ఏసుకోమన్నరని కాదు. నాకు నేనుగ ఏసుకుంటున్న. బస్సుల ఎవ్వరు జోలికి రారు. అన్నిటికన్న ముందు, ఇది దేవుని మాట."

"దేవుని మాట మా కాలంల లేదా? చెరుకు కోసేటప్పుడు బురఖా ఏస్కొని కొడవలి పడ్తరానే? సిగ్గు కండ్లల్ల ఉండాలె."

"చదివినోళ్ళు లేకుండె మీ కాలంల. ఏది సరియో చెప్పేటోళ్ళు లేకుండె."

"ఓహో! మాకు చదువు రాదు, గందుకే మేమందరం దోజఖ్‌కు పోతం. నువ్వొక్కదానివి పో జన్నత్‌కు, గీయన ఆటోల!"

ఇంటామె ఇద్దరి మధ్యా జొరబడింది. అత్తను సమర్థిస్తే బిడ్డ ఊరుకోదు, బిడ్డను సమర్థిస్తే అత్త ఊరుకోదు. "ఇంట్ల మొగోడు లేని వాళ్ళం, బురఖా ఏసుకుంటే నలుగురు మర్యాదగ చూస్తరు" అంది. "మర్యాద బట్టకిస్తరా, నీకిస్తరా?" అంది దాదీ. తన క్లాసులో ఒక అమ్మాయికి ఇష్టం లేకున్నా అన్న బలవంతంగా వేయించాడనీ, అది తప్పనీ అంది అమ్మాయి. "ఇప్పుడు తొవ్వకొచ్చినవ్" అంది దాదీ. "రాలే. బలవంతంగ ఏయించుడు తప్పు, బలవంతంగ తీయించుడు గుడ తప్పు" అంది అమ్మాయి. మా ఆవిడ ఎవరు మాట్లాడితే వాళ్ళకు తలూపుతోంది. మాట ఉర్దూలోకి వెళ్ళి, మళ్ళీ తెలుగులోకి వచ్చి, మళ్ళీ ఉర్దూలోకి వెళ్ళింది. అందరూ మర్చిపోయింది ఒక్క నన్నే. ఎండ నడినెత్తిన ఉంది. నల్ల గుడ్డ కాలిపోతోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. రెండుసార్లు "చూడండమ్మా, అసలు విషయమేంటంటే" అన్నాను. నా మాట నా ముసుగులోనే తిరిగి నా చెవికే వచ్చింది.

చివరికి బురఖా నాకే ఇచ్చారు. విసరకూడదు, మడతపెట్టి పక్కన పెట్టాలి అన్న షరతు మీద. నేను విప్లవాన్ని ఆ మేరకు సవరించుకున్నాను.

నాటకం తర్వాతి ఆదివారం సాయంత్రం, కొత్త బస్టాండు దగ్గరి ఖాళీ జాగాలో. బురఖా మనిషి ప్రేక్షకుల్లోంచే లేచి రావాలని మా నాయకుడి పట్టు. అంటే నేను ఇంటి నుంచే ముసుగు వేసుకొని, ఎవరికీ తెలియకుండా వచ్చి గుంపులో నిలబడాలి. ఆడవాళ్ళు నలుగురూ నాటకం చూడడానికి వస్తామన్నారు. కలిసి వెళ్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. కళాకారుడు పాత్రలో లీనమవ్వాలి, ఒంటరిగా నడవాలి అని చెప్పి ముందే బయలుదేరాను. లోపల మామూలు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాను. కాళ్ళకు మా ఆవిడ సాక్సులు, వాటికింద నా హవాయి చెప్పులు. ఆడవాళ్ళ చెప్పుల్లో నా పాదం దూరలేదు.

సందు చివర షేర్ ఆటో ఎక్కాను. వెనక సీటులో నన్ను మూలకు జరిపి, పక్కన ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. నున్నగా గీసుకున్న గడ్డం, జేబులో పెన్ను. అమ్మాయి నేర్పినట్టు చూపు కిందికి దించి, చేతులు దగ్గరికి పెట్టుకొని, పాత్రలో లీనమయ్యాను. కొంచెం దూరం పోయాక నా తొడ మీద ఏదో పాకింది. ఆటో కుదుపేమో అనుకున్నాను. కుదుపు ఆగినా అది ఆగలేదు. చూస్తే చెయ్యి.

బొల్లారంలో రియాక్టర్ వాల్వు లీకైనప్పుడు నేను అరిచే అరుపు ఒకటుంది. అదే వచ్చింది.

"ఏందిరా నువ్వు జేసేది!"

ఆటో ఒక్కసారి పక్కకు కోసుకుపోయి, సోడా బండిని తప్పించుకొని ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను చూసి, సీటు దిగి దూరం జరిగాడు. ఎక్కినవాళ్ళంతా దిగారు. నేనూ దిగాను.

"బురఖాల మొగోడున్నడు!" అని మొదట అరిచింది ఆ పెన్నాయనే.

అప్పట్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు బురఖాల్లో తిరుగుతున్నారని పుకారు ఉండేది. ఎక్కడా ఎవరూ పట్టుబడింది లేదు గానీ అందరికీ తెలుసు. సోడా బండి దగ్గరివాళ్ళు, పాన్‌డబ్బా దగ్గరివాళ్ళు చుట్టూ మూగారు.

"ముసుగు తియ్యి!"

"కాళ్ళు సూడుండ్రి, కాళ్ళు!"

"పోలీసోళ్ళను పిలువుండ్రి!"

నేను హేతువాదిని, రచయితను, నాటకం ఉంది అని చెప్పాలనుకున్నాను. మాట్లాడితే మగవాడినని తేలిపోతుంది. మాట్లాడకపోతే దొంగనని తేలిపోతుంది. ఒక కుర్రాడు ముసుగు పట్టుకోబోయాడు. అప్పుడు ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. తెల్ల టోపీ, మెహందీ పెట్టిన గడ్డం, చేతిలో పాల క్యాను. నా నాటకంలోని మౌల్వీకి ఇంతకన్నా సరిపోయే మనిషి దొరకడు.

"ఖబర్దార్! ఆడమనిషి ముసుగు మీద చెయ్యేస్తె బాగుండదు" అన్నాడాయన.

"గొంతు మొగోనిది సాబ్!"

"గొంతు దేవుడిచ్చింది. నీకేంది?"

ఆయన వెనకాల నేను ఇంకాస్త ముడుచుకున్నాను. ముసుగు తీయాలా వద్దా అని రోడ్డు మీద రెండు పార్టీలు అయ్యాయి. నేను ఎన్నో సభల్లో అడిగిన ప్రశ్న అది. ఆ రోజు నేను మాత్రం తీయొద్దనే పార్టీలో ఉన్నాను, ఎంతో గట్టిగా.

అంతలో వెనక ఇంకో ఆటో ఆగింది. దాదీ, ఇంటామె, అమ్మాయి, మా ఆవిడ దిగారు. పొట్టి బురఖా, కింద హవాయి చెప్పులు చూసి దాదీకి క్షణంలో అర్థమైంది. గుంపును మోచేతులతో తోసుకుంటూ వచ్చింది.

"ఏంది, ఏంది గుంపు? మా కోడలు గది!"

"మీ కోడలా? గొంతు మొగగొంతు ఉన్నదమ్మా!"

"జలుబు చేసింది. చిన్నప్పటి సంది గొంతు గంతే. నీ అవ్వది కోయిల గొంతా?"

"మరి కాళ్ళకు గా ఎంటికలేంది?"

"ఎంటికలు లేని కోడలు ఉంటె నువ్వు తీస్కరా, సూస్త" అని ఆమె నా మణికట్టు పట్టుకుంది. అసలు కోడలు పక్కనే నిలబడి తన ముసుగును ఇంకొంచెం కిందికి లాక్కుంది. మా ఆవిడ నావైపు చూడలేకపోయింది. గోడవైపు తిరిగి భుజాలు ఊపుతోంది. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు.

"ఇంతకూ ఎందుకు ఒర్లినవే?" అని దాదీ అడిగింది.

నేను మాట్లాడకుండా వేలితో పెన్నాయన్ని చూపించాను. నా చేత్తో నా తొడ మీద కొట్టి చూపించాను. జీవితంలో నేను చేసిన మంచి నటన అదొక్కటే. దాదీ కాలి చెప్పు తీసింది. ఆమె చెప్పు తీయగానే గుంపు మొత్తం నా పక్షానికి వచ్చేసింది. ముసుగు పట్టుకోబోయిన కుర్రాడే ముందుగా ఆయన కాలర్ పట్టుకున్నాడు. పెన్నాయన చొక్కా గుండీలు రెండు అక్కడే వదిలి బస్టాండువైపు ఉరికాడు.

దాదీ నన్ను ఇంటిదాకా నడిపించుకుపోయింది. దారిపొడవునా అందరికీ వినబడేలా తిడుతూనే ఉంది. "తల దించు. ఒక్కదాన్ని ఎవలు పొమ్మన్నరే నిన్ను? మొగుడు సౌదీల, నువ్వు బజార్ల." నేను తల దించుకొనే నడిచాను. నడక ఇంతకన్నా బాగా ఎప్పుడూ రాలేదని అమ్మాయి వెనక నుంచి మెచ్చుకుంది.

ఇంటికి చేరాక వాకిట్లో చాయ్ పెట్టారు. బురఖాలో ఉంటే బస్సులో ఎవరూ జోలికి రారని చెప్పావు కదా అని అమ్మాయిని అడిగాను, కొంచెం నిష్ఠూరంగానే. ఆమె జవాబిచ్చేలోపే వాళ్ళమ్మ అంది.

"ఎవలు చెప్పిన్రు రారని? నాకు ఎన్నిసార్లు గట్ల కాలే? నీకు ఒక్కనాడు అయితె గింత పరేషాన్ అయితున్నవ్."

అమ్మాయి తల్లివైపు తిరిగింది. ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత నాతో అంది.

"అయినా అంకుల్, అది బురఖా తప్పా, చేతి తప్పా?"

ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర ఎప్పుడూ ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది. "ఇది వ్యవస్థ తప్పమ్మా" అన్నాను. వ్యవస్థ అంటే ఎవడు, పెన్ను పెట్టుకున్నోడేనా అని దాదీ అడిగింది.

చీకటిపడే ముందు మా నాయకుడు వచ్చాడు. నాటకం ఆగిపోయిందనీ, అందరూ నా కోసం వెతుకుతుంటారనీ నేను బాధపడుతున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అద్భుతం! జనం ఈలలు, చప్పట్లు! ఆటో నెట్టుడు సీనుకైతే ఒకటే నవ్వుడు!"

"మరి బురఖా పాత్ర?"

ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అరె, నువ్వు రాలేదు కదా! ఆ... ఎవరికీ తెల్వలేదోయ్. ఆమెకు డైలాగులు లేవు గద."

అమ్మాయి అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతోంది. గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది, అంతే.

ఆ పాత్రకు మాటలు రాయాలని కూర్చున్నాను. అమ్మాయిని సాయం అడిగాను. ఆమె చెప్పేది నాకు నచ్చేది కాదు, నేను రాసేది ఆమెకు నచ్చేది కాదు. "నాకు ఈ ముసుగు చెర" అని రాస్తే ఆమె కొట్టేసింది. "ఇది నా కవచం" అని ఆమె చెప్తే వాళ్ళమ్మ వచ్చి "కవచం గివచం ఏంది, ఎండకాలం ఉడికి సచ్చుడు గుడ రాయి" అంది. దాదీ తనకూ ఒక వేషం కావాలంది, బురఖా లేని ముసలమ్మ వేషం. ఆ ముసలమ్మ ముగ్గురు ఆటోవాళ్ళనూ తిట్టాలి. మా ఆవిడ, పెదమామ ఎదురైతే గోడకు అతుక్కుపోయే ఒక హిందూ కోడల్ని కూడా ఆటో ఎక్కించమంది. చివరికి అందరినీ ఎక్కించి చూస్తే నాటకం రెండింతలైంది. బురఖా మనిషి ఆఖరుకు ముసుగు తీస్తుందా తీయదా అన్నది తేలలేదు.

మా నాయకుడు చదివి తల పట్టుకున్నాడు. "సందేశం ఏది? అందరూ మాట్లాడుడే ఉన్నది. ఎవరు రైటో జనానికి చెప్పాలి గదా!" బృందం పాత నాటకాన్నే ఆడుతూ పోయింది. మౌల్వీ ఆటో వెనక సామాన్ల దగ్గర ఒక ఖాళీ బస్తాకు నల్లగుడ్డ కప్పి పెట్టేవాళ్ళట. బస్తా బాగా నటించేదని విన్నాను.

కొత్త నాటకం ఆడింది ఒక్కసారే, మా వాకిట్లో, రంజాన్ పండుగ మర్నాడు. దాదీ స్వామీజీ వేషం తానే వేస్తానని పట్టుబట్టి, పసుపు చీర కప్పుకొని, నుదుట విబూది పూసుకుంది. ఇంటామెకు మౌల్వీ వేషం. ఈయన ఇలాగే మాట్లాడతాడు అంటూ తమకు తెలిసిన ఒకాయన గొంతును దించేసరికి అమ్మాయి పొట్ట పట్టుకొని కింద కూర్చుండిపోయింది. మా ఆవిడ గోడకు అతుక్కునే కోడలు. తన ముసుగు తనే వేసుకొని, తన మాటలు తనే చెప్పింది అమ్మాయి. నాకు ఏ వేషం మిగిలిందని అడిగితే, ఆటో నెట్టమన్నారు. సేమ్యా పాయసం గిన్నెలు అటు ఇటు తిరుగుతుండగా నేను బట్టల బండ చుట్టూ లేని ఆటోను నెట్టాను. మధ్యలో ఒకసారి ఒక మంచి మాట తోచి చెప్పబోతే, "నీకు డైలాగులు లేవు కొడుకా, నెట్టు" అంది స్వామీజీ.

కొన్నేళ్ళకు మేం ఇంద్రేశం దగ్గర ప్లాటు కొని ఇల్లు కట్టుకొని వెళ్ళిపోయాం. మేం వెళ్ళిన రెండో చలికాలంలో దాదీ పోయింది. మట్టి ఇవ్వడానికి వెళ్ళాను. ఖబరస్తాన్‌లో ఏం చెయ్యాలో తెలియక, పక్కవాళ్ళు చేసినట్టు చేశాను. ఏ ఉపన్యాసమూ గుర్తు రాలేదు.

ఆ అమ్మాయి టీచరయింది. పటాన్‌చెరులో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెప్పేది. ముఖం కనబడకపోతే పిల్లలు మాట వినడం లేదని ముఖం మీది ముసుగు తానే తీసేసి, తలకు మాత్రం గుడ్డ చుట్టుకునేది. పెళ్ళయ్యాక ఒకరోజు మా ఇంటికి వచ్చింది. భర్త హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. బాగా చూసుకుంటాడని చెప్పింది. చెప్పి, కోపంగా నవ్వింది.

"మా ఆయన తలమీది గుడ్డ గుడ తీసేయమంటున్నడు అంకుల్. ఆఫీసోళ్ళ పార్టీలకు పోతె ఆయనకు నామోషీ అట. మనం మాడ్రన్‌గ ఉండాలె, స్వేచ్ఛగ ఉండాలె అని రోజు లెక్చరిస్తుండు. సరిగ్గ మీలెక్కనే మాట్లాడ్తడు."

"మరి నువ్వేమన్నవ్?" అని మా ఆవిడ అడిగింది.

"నా స్వేచ్ఛ గురించి నాతోని మాట్లాడేటప్పుడు జెర నన్ను గుడ మాట్లాడనియ్ అన్న. ఆయన నాలుగు దినాలు మాట్లాడలే. ఇప్పుడు ఆయనొక్కడే పోతుండు పార్టీలకు."

అతన్ని ఒకసారి కలిసి, నచ్చజెప్పాలని నాకు అనిపించింది. నా అనుభవం ఆ కుర్రాడికి పనికొస్తుందని కూడా అనిపించింది. కుర్చీలో ముందుకు జరిగి, గొంతు సవరించుకొని, "చూడమ్మా, అసలు విషయమేంటంటే" అని మొదలుపెట్టాను. అప్పటికే వాళ్ళిద్దరూ లేచి, మాట్లాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు.